ఆర్.కె. ఎవరు?

“ఆర్.కె. ఎవడని అడుగుతున్నా!”

గూక్ చాన్మో బల్ల చరిచిన చరుపుకి కాగితం కప్పులోని కాఫీ ఒలికి చూ బ్యంగ్‌తే చొక్కా చేతి మీద పడింది. అతను తుడుచుకోలేదు. ఒంటి మీద ఇంకా సిటీ బస్సు డ్రైవరు యూనిఫామే ఉంది. బస్సు షెడ్డులోంచి అటే పట్టుకొచ్చారు, బట్టలు మార్చుకోనిచ్చిన పుణ్యాత్ముడు ఎవడూ లేడు.

“తెలీదు సార్. ఆ పేరు నేనెప్పుడూ వినలా.”

“నీ పెళ్లానికి తెలుసుగా! ఆర్.కె. అనే పేరుతో దొంగచాటు మెయిలు పెట్టుకుంది. ర్యూ కాంగ్‌బే అంటే ఆర్.కె.యేగా! చర్చిలో పాటలు నేర్పే మాస్టారు. పదేళ్లు అతని దగ్గర పాడిన మనిషి ఈ వసంతంలో ఉన్నట్టుండి మానేసింది. ఎందుకు మానేసింది? గుట్టు బయటపడుతుందని. నువ్వు ఆ మెయిలు చూశావు. గొంతు పిసికావు. అవునా, కాదా?”

గోడవారగా నిలబడి ఇన్‌స్పెక్టర్ ప్యో మున్‌జంగ్ ఇదంతా వింటోంది. ఆమెది సైబర్ నేరాల విభాగం. బ్యంగ్‌తే భార్య యోమ్ హీసన్ గురువారం ఇల్లు వదిలి వెళ్లింది. ఇవాళ మంగళవారం. ఫోను ఆగిపోయింది. ఇంట్లో కంప్యూటరులో ఒక మెయిలు దొరికింది. అది ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చమని పొద్దున్నే మున్‌జంగ్‌ని పిలిపించారు. పంపినవాడు ఎక్కడో పరదేశపు సర్వర్ల చాటున దాక్కున్నాడనీ, తేలాలంటే వారం పడుతుందనీ ఆమె చెప్పింది. “సరే, నీ పనైపోయింది, వెళ్లు” అన్నాడు గూక్. ఆమె వెళ్లలేదు.

గూక్ హత్యల విభాగం అధిపతి. పోలీసు కాలేజీలో ఆమెకంటే ఒక్క ఏడాది ముందు. ఆ ఒక్క ఏడాదినీ ఇప్పటికీ ఆమె నెత్తిన మోపుతూనే ఉన్నాడు.

బల్ల మీద ఆ మెయిలు అచ్చు ఉంది. మున్‌జంగ్ దాన్ని మరోసారి చదివింది.

“మీ చోటు అట్టిపెట్టాం. గురువారం ఒక్కరే రండి. ఇంట్లోవాళ్లకు చెబితే ఆపుతారు. మూడు రోజులు చాలు. ఇన్నాళ్లూ మీరు ఒంటరిగా మోసింది ఇక మోయనక్కర్లేదు.”

కింద సంతకం లేదు. పైన మాత్రం అది చేరిన చిరునామా: ఆర్, కె, క్యూ, కె, ఎఫ్.

“సీనియర్, చిన్న సందేహం” అంది మున్‌జంగ్. “మొదటి రెండక్షరాలూ ప్రియుడి పేరు. బాగుంది. మిగతా మూడూ ఏమైనట్టు?”

“ముద్దుపేరేమో. నాకెందుకు?” అన్నాడు గూక్ తల తిప్పకుండానే. “రాత్రి పూట గొడవ పడ్డారని పక్కింటివాళ్లు చెప్పారు. పడగ్గది దిండు మీద రక్తం. బాత్రూంలో తువ్వాలు మీద రక్తం. ఇంతకంటే ఏం కావాలి? ఎల్లుండి గురువారమే నీ కూతురు దాన్‌బికి యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష. బిడ్డ పరీక్ష నెత్తి మీద ఉంటే ఏ తల్లైనా ఇల్లు విడిచి పోతుందా? బతికుంటే పోదు. అందుకే వాగులో గజ ఈతగాళ్లను దింపించా. సాయంత్రం ఆరింటికి వారెంటు చేతికొస్తుంది.”

ఊళ్లో ఉన్న పోలీసులంతా వాగులో శవం కోసం వెతుకుతున్నారు. బతికున్న మనిషి కోసం వెతికే నాథుడు ఒక్కడూ లేడు.

ఆమె కుర్చీ లాక్కుని బ్యంగ్‌తే ఎదురుగా కూచుంది.

“చూ గారూ, గొడవ దేని మీద పడ్డారు?”

అతను తల ఎత్తాడు. పొద్దున్నుంచీ ‘గారూ’ అన్నవాళ్లు లేరు.

“చెంచా మీద మేడమ్.”

గూక్ పకపకా నవ్వాడు. “విన్నావా? చెంచా కోసం చంపాడట!”

“చెప్పండి. ఏం చెంచా?”

“దాన్‌బి వాళ్లమ్మ వసంతం నుంచీ మా స్టీలు చెంచా, చాప్‌స్టిక్కులు ముట్టడం మానేసింది. చెక్కవి కొనుక్కుంది. ఇనుం కంపు కొడుతోందంది. మా అమ్మ పెళ్లికి పెట్టిన జత మేడమ్, ఇద్దరి పేర్లూ చెక్కించి ఇచ్చింది. ఆ రోజు నేను కాస్త తాగున్నా. నా పక్కన కూచుని అన్నం తినడానికి కూడా నీకు కంపుగా ఉందా అని అరిచా.” కాఫీ పడ్డ చొక్కా చేతిని ఇప్పుడు తుడుచుకున్నాడు. “అంతే. అరిచా. చెయ్యెత్తలా.”

“తిండి సంగతి? మామూలుగానే తినేదా?”

“పచ్చి చేప ముట్టడం మానేసింది. ఉడికిందే తినేది. మోకాళ్ల నొప్పులని బడి వంటగదిలో ఉద్యోగం మానేసింది. వేరే గదిలో పడుకునేది, నెత్తికి ఊలు టోపీ పెట్టుకుని. ఏమిటే ఆ అవతారం అంటే చలి అంది. ఎండాకాలంలో చలేంటి మేడమ్? ఆదివారం ఆదివారం స్నేహితురాళ్లతో స్నానాలశాలకు పోయే మనిషి, అదీ మానేసింది. నేనంటే రోత పుట్టిందనుకున్నా.”

“ఇంకొకడి మీద మోజు పుట్టింది” అన్నాడు గూక్. “బట్టల్లేకుండా అందరూ కలిసి స్నానం చేసేచోట ఆడవాళ్ల కళ్లు మహా వాడి. ఒంటి మీద ఏ గుర్తులో కనిపెడతారని మానేసింది.”

మున్‌జంగ్ లేచింది. ఈ మాటలన్నీ గూక్ చెప్పినట్టూ అతుకుతున్నాయి. అదే ఆమెకు నచ్చలేదు. చెంచా ఒక్కటే అతకడం లేదు. ప్రియుడున్న మనిషికి స్టీలు చెంచా ఎందుకు కంపు కొడుతుంది?

“ఇంటి తాళం ఇవ్వండి సీనియర్. ఒక్కసారి చూసొస్తా.”

“మా వాళ్లు రెండుసార్లు దులిపారు.”

“దులిపింది కాదు, చూసేది.”

“వెళ్లవే తల్లీ, వెళ్లు! ఆరింటిలోగా శవాన్ని బతికించుకుని రా” అన్నాడు గూక్ తాళం విసురుతూ.

*

ఫ్లాటులో చెప్పులు విడిచి ఆమె సరాసరి వంటగదిలోకి నడిచింది.

సింకు పక్కన గిన్నెలు ఆరబెట్టే తట్టలో స్టీలు చెంచాలు రెండు జతలు, చెక్కది ఒక జత. చెక్క చెంచా అంచు నమిలినట్టు అరిగిపోయింది. దాని పక్కన కొత్త లంచ్ డబ్బా ఒకటి. వేడి నిలిచే రకం. కడిగి, బోర్లించి, పైన శుభ్రమైన గుడ్డ కప్పి ఉంది. ధర చీటీ ఇంకా అడుగున అంటుకునే ఉంది.

మున్‌జంగ్ ఆ గుడ్డ ఎత్తి మళ్లీ కప్పింది. పరీక్ష రోజు బిడ్డకు లంచ్ డబ్బా కట్టని తల్లి ఈ దేశంలో ఉండదు. ఈవిడ డబ్బా కొని, కడిగి, ఆరబెట్టుకుని మరీ వెళ్లింది. తిరిగి రాకూడదనుకునే మనిషి చేసే పని కాదిది. మూడు రోజుల్లో వచ్చేస్తాననుకుంది. గురువారం వెళ్తే ఆదివారానికల్లా ఇంట్లో ఉండాలి. లేదు.

బాత్రూంలో గూక్ మనుషులు తువ్వాలు తీసుకుపోయారు. నీళ్లు పోయే జల్లెడ మాత్రం వదిలేశారు. మున్‌జంగ్ గ్లవ్సు తొడుక్కుని దాన్ని పైకి తీసింది. ఆడవాళ్లు ఇద్దరున్న ఇల్లు, పీచులా జుట్టు చుట్టుకుని ఉండాలి. దొరికినవన్నీ పొడుగాటి, నల్లటి, పడుచుపిల్ల వెంట్రుకలు. తల్లివి ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్కటి.

బట్టలు ఉతికే మెషిను పైన అర. సబ్బు పొడి డబ్బాల వెనక చేయి పెడితే చిన్న సీసా తగిలింది. పేరు చీటీ గీకేశారు, అయినా మూల మీద రెండక్షరాలు మిగిలాయి: ‘సేబో’. మూత తీసి వాసన చూసింది. షాంపూ. తలకు రాసుకునే షాంపూను మొగుడి కంటబడకుండా దాచేదెవరు?

ఆమె ముందుగదిలో కంప్యూటరు ముందు కూచుంది. హీసన్ మెయిలు పెట్టె తెరిచే ఉంది. ఇల్లాలి పెట్టె ఎలా ఉంటుందో అలాగే ఉంది: చెప్పుల దుకాణం తగ్గింపు ధరలు, కళ్లద్దాల కొట్టు పండగ శుభాకాంక్షలు, బియ్యం కంపెనీ, దుప్పట్ల కంపెనీ. ఒక్కొక్కటే తెరిచి చూస్తూ పోయింది. ఎవరు పంపారన్నది కాదు, ఎక్కడికి వచ్చిందన్నది చూస్తోంది.

చెప్పుల దుకాణం మెయిలు ఈ చిరునామాకు వచ్చింది: టి, ఎల్, ఎస్, క్యూ, కె, ఎఫ్.

కళ్లద్దాల కొట్టు మెయిలు మరో దానికి: డి, కె, ఎస్, ఆర్, యు, డి.

పెట్టె ఒకటే. దాన్ని చేరే చిరునామాలు మాత్రం, గుమ్మాల్లా, కొట్టుకొకటి.

మున్‌జంగ్ మళ్లీ చెప్పుల దుకాణం దగ్గరికి వచ్చింది. క్యూ, కె, ఎఫ్. గూక్ గాలికి వదిలేసిన మూడక్షరాలూ అవే! ఆమె చూపు నెమ్మదిగా కీబోర్డు మీదికి దిగింది. ప్రతి మీట మీదా ఒక మూల ఇంగ్లీషు అక్షరం, ఇంకో మూల కొరియా అక్షరం. భాష మార్చే మీట నొక్కడం మరిచిపోతే కొరియా మాట కొట్టినచోట ఇంగ్లీషు చెత్త పడుతుంది. ఆ పొరపాటు చెయ్యని మనిషి దేశంలో లేడు. ఆ పొరపాటునే కావాలని చేసి రహస్యపు మాటలుగా వాడుకునేవాళ్లూ ఇంటింటికీ ఉన్నారు. మున్‌జంగ్ బ్యాంకు పాస్‌వర్డు కూడా అలాంటిదే. ఆ మాట ఎవరికీ చెప్పదు, అది వేరే సంగతి.

భాష మార్చే మీట నొక్కి, చెప్పుల దుకాణం చిరునామా అక్షరం అక్షరం కొట్టింది. తెర మీద ‘సిన్‌బల్’ అని పడింది. చెప్పులు.

కళ్లద్దాల కొట్టుది కొట్టింది. ‘ఆన్‌గ్యంగ్’. కళ్లద్దాలు.

“ఓరి నీ తెలివి తెల్లారా” అని తన తలే తను మొట్టుకుంది మున్‌జంగ్. ఏ కొట్టుకిచ్చిన చిరునామాకు ఆ కొట్టు సరుకు పేరు! ఎవడైనా తన చిరునామా బయటివాళ్లకు అమ్ముకుంటే వచ్చిన చెత్తను బట్టే ఫలానావాడు అమ్ముకున్నాడని పట్టేయొచ్చు. బడి వంటగదిలో గరిటె తిప్పిన ఇల్లాలు ఎంత ముందుచూపుతో అమర్చుకుంది!

ఇప్పుడు చివరిది. ఆర్ మీట మీద ‘గ’. కె మీద ‘ఆ’. క్యూ మీద ‘బ’. మళ్లీ కె. ఎఫ్ మీద ‘ల’.

గాబల్.

విగ్గు.

మున్‌జంగ్ చేతులు మీటల మీదే ఆగిపోయాయి. టోపీ. చెక్క చెంచా. స్నానాలశాల. దిండు మీద రక్తం. ఇన్నాళ్లూ మీరు ఒంటరిగా మోసింది. కాన్సర్ మందు ఎక్కించుకునేవాళ్లకి నోట్లో ఇనుం రుచి తగులుతుంది, స్టీలు చెంచా పెట్టుకోలేరు. పచ్చివి తినకూడదు. రక్తం పలచబడి ముక్కులోంచి కారుతుంది. జుట్టు రాలిపోతుంది. కూతురు పరీక్ష అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ తెలియకూడదని ఆ తల్లి వసంతం నుంచీ ఒక్కతే ఆస్పత్రికి వెళ్లి వస్తోంది. పక్కన పడుకునే మొగుడు రోతనుకున్నాడు, గూక్ రంకనుకున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, వెంటనే దానికి రెట్టింపు కోపమొచ్చింది.

“ఏంటీ, దయ్యం కనబడిందా?”

గుమ్మంలో గూక్. వెనకే వచ్చినట్టున్నాడు. బూట్లతోనే లోపలికి వచ్చాడు.

మున్‌జంగ్ ఏమీ దాచకుండా అంతా చెప్పింది. గూక్ తెర చూశాడు, కీబోర్డు చూశాడు. ఒక్క క్షణం అతని చెంప కదిలింది. తర్వాత భుజాలు ఎగరేశాడు.

“సరే, విగ్గు. విగ్గు పెట్టుకున్నామెకి ప్రియుడు ఉండకూడదని చట్టమా? జబ్బు దాచిందని తెలిసి మొగుడు ఆవేశపడి ఉండకూడదా?”

“సీనియర్, ఈ మెయిలు విగ్గుకొట్టు గుమ్మంలోంచి వచ్చింది! ఆ చిరునామా ఆ కొట్టుకి తప్ప లోకంలో ఎవరికీ తెలీదు. విగ్గుకొట్టులో చిరునామా ఇచ్చేదెవరు? కాన్సర్ రోగులు. వాళ్ల పేర్లు కొనుక్కునేదెవరు? దొంగ మందులవాళ్లు. మూడు రోజులు చాలు, ఇంట్లో చెప్పొద్దు. ఇది ప్రేమలేఖ కాదు, గాలం.”

“మరి అంత తెలివైన మనిషి ఆ గాలాన్ని ఎందుకు మింగింది? ఎవడు అమ్ముకున్నాడో పట్టడానికే కదా ఇన్ని చిరునామాలు?”

ప్రశ్న మంచిదే. గూక్ మూర్ఖుడే కానీ తెలివితక్కువవాడు కాదు.

“అందుకే మింగింది” అంది మున్‌జంగ్. “మొగుడికీ కూతురికీ కూడా చూపించని బోడితల ఆ కొట్టులో ఒక్కచోటే చూపించింది. చెప్పులకొట్టు గుమ్మంలోంచి వచ్చుంటే చెత్తబుట్టలో వేసేది. నన్ను అద్దం ముందు కూచోబెట్టి ఓదార్చిన మనుషులు పంపారు కదా, నా మంచికే అనుకుంది.”

“కథ బాగుంది. ఆస్పత్రి కాగితం చూపించు.”

“వారెంటు లేకుండా ఆస్పత్రివాళ్లు పెదవి విప్పరని మీకూ తెలుసు. మీరు వారెంటు అడుగుతున్నది మొగుడి మీద!”

“ఆరింటిదాకే” అన్నాడు గూక్ గడియారం చూపిస్తూ. “నిజం పట్టుకురా, విగ్గు కాదు.”

*

‘సేబోమ్ విగ్గులు’ పెద్దాస్పత్రికి ఎదురువీధిలోనే ఉంది. సీసా మీది రెండక్షరాలు పూర్తవడానికి ఆ వీధిలో ఇంకో కొట్టు లేదు.

మున్‌జంగ్ కార్డు చూపించలేదు. తలకి శాలువా చుట్టుకుని, ఏమీ తెలియనట్టు మెల్లగా తలుపు తోసింది.

“రండమ్మా, రండి. చలిగా ఉంది, ముందు ఇది తాగండి” అంటూ ఒక యాభయ్యేళ్లావిడ బార్లీ నీళ్ల గ్లాసు చేతికిచ్చింది. రొమ్ము మీద పేరు బిళ్ల: మేనేజరు బ్యోన్ మీజా. చేతులు వెచ్చగా ఉన్నాయి. “మందు ఎక్కించడం ఎన్నో విడత?”

“రేపే మొదటిది.”

“అయ్యో. ముందే రావడం మంచిదైంది. రాలడం మొదలయ్యాక వస్తే అద్దంలో చూసుకోలేరు. ఇంట్లోవాళ్లకి తెలుసా?”

“ఇంకా చెప్పలేదండి.”

“చాలామంది చెప్పరు. మా దగ్గర ఏడ్చి వెళ్తారు. ఏడవండి, ఏం ఫర్లేదు.” మీజా పలక కంప్యూటరు ఒకటి ముందు పెట్టింది. “కొలతలు తీసేలోగా ఇది నింపండి. పేరు, ఫోను, మెయిలు. కింద నాలుగు టిక్కులు పెట్టేయండి.”

మున్‌జంగ్ చూపుడువేలు నాలుగో గడి మీద ఆగింది. “ఇదేమిటండీ? నా వివరాలు మూడో పక్షానికి, అంటే బయటివాళ్లకి, ఇవ్వడానికి అంగీకారమా?”

“అదేం లేదమ్మా, అందరూ పెట్టేదే. పెట్టకపోతే పది శాతం తగ్గింపు రాదు.”

మున్‌జంగ్ మెయిలు గడిలో హీసన్ పద్ధతిలోనే ఒక కొత్త చిరునామా కొట్టింది: ఆర్, యు, డి, సి, కె, ఎఫ్. అది ఆమె ఫోనుకు చేరేలా దారిలోనే అమర్చుకుంది. నాలుగు టిక్కులూ పెట్టింది. ‘పంపు’ నొక్కింది. అప్పుడు శాలువా తీసి, జేబులోంచి పోలీసు కార్డు తీసి గ్లాసు పక్కన పెట్టింది.

మీజా ముఖంలో రంగు పోయింది.

“యోమ్ హీసన్. వసంతంలో ఇక్కడ విగ్గు కొంది. గుర్తుందా?”

“మేం ఖాతాదారుల వివరాలు బయటికి...”

“చెప్పరా? అమ్ముతారు కానీ చెప్పరా?”

“అమ్మడం ఏంటండీ!” మీజా గొంతు లేచింది. “ప్రకటనల కంపెనీతో ఒప్పందం ఉంది. హెడ్డాఫీసు చేసుకుంది. టిక్కు పెట్టినవాళ్లవే వెళ్తాయి. అంతా చట్టప్రకారమే!”

“ఆ కంపెనీ ఎవరికి ఇస్తుంది?”

“ఆరోగ్య ఉత్పత్తులవాళ్లకట. విటమిన్లు, సబ్బులు, టోపీలు. మాకేం తెలుసు?”

“ఎప్పుడూ అడగలేదా?”

మీజా చెయ్యెత్తి తన నెత్తి మీది ఒత్తైన జుట్టుని పట్టుకుని మెల్లగా పైకి లేపింది. కింద పలచటి, తెల్లటి నూగు. “నేనూ ఈ కుర్చీలో కూచున్నదాన్నే ఇన్‌స్పెక్టర్ గారూ. ఆరేళ్లయింది. నా వాళ్లకి నేను చెడు తలపెడతానా? హీసన్ బాగా గుర్తుంది. పరీక్ష రోజున కూతురు గుర్తుపట్టకూడదు, అసలు జుట్టులా ఉండాలి అంది. దగ్గరుండి కత్తిరించా. నా చేత్తో కత్తిరించా.”

“నాలుగో టిక్కు పెట్టించింది కూడా ఆ చేత్తోనే.”

ఆవిడ విగ్గు సరిగా దించుకోలేకపోయింది. పక్కకు ఒరిగిపోయింది. మున్‌జంగ్‌కి జాలేసింది, కానీ ఆగలేదు.

“ఎవరైనా వచ్చి ఫిర్యాదు చేశారా? ఏదైనా మెయిలు వచ్చిందనీ, ఎక్కడికో రమ్మన్నారనీ?”

“ఒకాయన...” అంది మీజా. “పోయిన నెల. భార్య కొండల మీద ఏదో ఆశ్రమానికి వెళ్లిందట, తిరిగొచ్చాక వారం కూడా బతకలేదట. చిరునామా మీరే ఇచ్చారని అరిచాడు. హెడ్డాఫీసుకి ఫోన్ చేశా. రుజువు లేదు, వదిలెయ్ అన్నారు. వదిలేశా.”

“పేరేమిటి ఆ ఆశ్రమానికి?”

“ఆయన ఏడుస్తూ చెప్పాడు. నాకు వినబడలేదు. వినాలనిపించలేదు.”

అప్పుడే మున్‌జంగ్ జేబులో ఫోను టింగుమంది.

ఆమె తీసి చూసింది. మెయిలు. చేరిన చిరునామా: ఆర్, యు, డి, సి, కె, ఎఫ్. గడిలో ఆమె కొట్టి ఎంతోసేపు కాలేదు. ‘పంపు’ నొక్కగానే యంత్రం యంత్రానికి అందించేసింది. మధ్యలో మనిషన్నవాడు చూసుంటే కొరియా అక్షరాల్లో అదేం మాటో పోల్చుకునేవాడు. గ్యంగ్‌చల్. పోలీసు.

ఆమె మెయిలంతా చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తర్వాత గూక్‌కి ఫోన్ చేసింది.

“వాగులోంచి మనుషుల్ని బయటికి తీయించండి సీనియర్.”

“ఏమిటి మళ్లీ?”

“విగ్గుకొట్టులో పోలీసు అని చిరునామా రాసిచ్చా. ఆ చిరునామాకే మెయిలొచ్చింది. చదువుతా, వినండి. ‘మీ చోటు అట్టిపెట్టాం. ఒక్కరే రండి. ఇంట్లోవాళ్లకు చెబితే ఆపుతారు. మూడు రోజులు చాలు. ఇన్నాళ్లూ మీరు ఒంటరిగా మోసింది ఇక మోయనక్కర్లేదు.’”

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు. గూక్ లేచి నిలబడ్డాడు కాబోలు. ఆ మాటలు పొద్దున్నుంచీ అతని బల్ల మీదే ఉన్నాయి.

“గురువారం అన్న ఒక్క మాట తప్ప అక్షరం పొల్లుపోకుండా అదే” అన్నాడు మెల్లగా.

“ఇంకా ఉంది, హీసన్‌కి ఇది ఫోనులో చెప్పుంటారు. ‘సాయంత్రం ఐదింటికి రైల్వే స్టేషను తూర్పు గుమ్మం దగ్గర తెల్ల వ్యాను. ఆస్పత్రి మందులు తేవద్దు. ఫోను దారిలోనే మాకు ఇచ్చెయ్యాలి. కొండ మీద ఉపవాసం, ఉప్పునీళ్లు, ధ్యానం.’”

“ఉపవాసమా? ముక్కులోంచి రక్తం కారే మనిషికి?” గూక్ గొంతులో వెటకారం చచ్చిపోయింది. “ఐదింటికి ఆ వ్యాను పట్టుకుంటా. నా మనుషులు...”

“మీ మనుషులు దూరంగా వెనక రావాలి. వ్యాను స్టేషను దగ్గరే పట్టుకుంటే డ్రైవరు దొరుకుతాడు, కొండ దొరకదు. నేనెక్కుతా.”

“ఒక్కదానివేనా? పిచ్చా నీకు?”

“ఒక్కరే రమ్మన్నారుగా.” ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. “సీనియర్, చివరి వాక్యం ఇంకా చదవలేదు.”

“చదువు.”

పక్కనే మీజా ఒరిగిన విగ్గుతో అలాగే నిలబడి వింటోంది. మున్‌జంగ్ చదివింది.

“‘మా దగ్గర ఏడు చోట్లే ఉన్నాయి, ఏడూ నిండిపోయాయి. మీ అదృష్టం, ఇవాళ పొద్దున్నే ఒకటి ఖాళీ అయింది.’”

ఫోనులో గూక్ వెనకెక్కడో బ్యంగ్‌తే ఎవరినో మంచినీళ్లు అడుగుతున్న గొంతు వినబడింది.

“ఖాళీ అయిందంటే” అన్నాడు గూక్, “ఇంటికి పంపించేశారనా?”

“పొద్దున్న పంపించుంటే ఈపాటికి ఆ తల్లి లంచ్ డబ్బా దగ్గర ఉండేది సీనియర్. నేను ఇప్పుడే ఆ ఇంట్లోంచి వచ్చా. అక్కడ ఎవరూ లేరు.”